బూట్లు లేకపోతే నడకకి రావద్దా? లిస్టులో ఆ మొదటి లైను తీసేయండి

పోస్టు పెద్దదే, ఓపికుంటే చివరిదాకా చదవండి. అంత ఓపిక లేనివాళ్లు కనీసం డబ్బుల లెక్క ఉన్న భాగమైనా చూసి, ఆ తర్వాత తిట్టండి.

ఆగస్టు 9 నడకకి ఏమేం తెచ్చుకోవాలో కమిటీ అన్నలు మొన్న రాత్రి లిస్టు పెట్టారు కదా. మూడు రోజుల నడక, రోజుకి పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు, గూడేల్లో బస, చివరి రోజు అర్మకొండ. అంటే మన జిందగడ, 1680 మీటర్లు, తూర్పు కనుమల్లో మన రాష్ట్రం వైపు అన్నిటికన్నా ఎత్తైనది. ఆలోచన చాలా బాగుంది. ఆదివాసీ దినోత్సవం అంటే పాడేరులో ర్యాలీ తీసి, ఫొటో దిగి, బిర్యానీ తిని బస్సెక్కడం అయిపోయింది. దాని బదులు మన కొండలు మనం నడుద్దాం అన్నందుకు ఆ లిస్టు రాసిన అన్నకి దండం పెడతాను. ఆయన మీద నాకు కోపం లేదు. ఇంటర్‌లో నా స్కాలర్‌షిప్ ఆగిపోతే నాతో పాటు ఆఫీసుల చుట్టూ నాలుగు రోజులు తిరిగిన మనిషి ఆయన.

కానీ లిస్టులో మొదటి లైను ఏంటి? చీలమండ పైదాకా వచ్చే ట్రెక్కింగ్ బూట్లు తప్పనిసరి, అవి లేనివాళ్లని నడకలోకి తీసుకోం అని. కింద ఒక తమ్ముడు "అన్నా, నా దగ్గర మామూలు షూ ఉంది, పర్వాలేదా" అని అడిగితే "రిస్క్ తీసుకోలేం తమ్ముడూ, సారీ" అని జవాబు. ఆ తమ్ముడు ఉండేది హాస్టల్లో. వాళ్ల ఊరు ఎక్కడో నాకు తెలుసు. రోడ్డు దిగి గెడ్డ దాటి, గంటన్నర ఎక్కితే గాని ఇల్లు రాదు. వాడు పుట్టినప్పటి నుంచి నడుస్తున్న కొండ మీదికి, బూట్లు లేవు కాబట్టి రావద్దని మనమే చెప్తున్నాం. నాకు ఒళ్లు మండింది, అందుకే రాస్తున్నాను.

మాటలు కలిసిపోకుండా ముందే చెప్తాను. కింద "బూట్లు" అంటే చీలమండని కప్పే ఎత్తు బూట్లు. "షూ" అంటే చీలమండ కిందే ఆగిపోయే తేలికపాటివి, అడుగున గట్లు గట్లుగా రబ్బరు ఉండేవి. స్లిప్పర్ల గురించి వేరే మాట్లాడతాను, వాటిని నేను వెనకేసుకు రావట్లేదు.

బూట్లంటే నాకు తెలియక మాట్లాడట్లేదు. డిగ్రీలో ఉండగా రెండు చలికాలాలు వీకెండ్ ట్రెక్కుల వాళ్ల దగ్గర లోకల్ గైడుగా చేశాను. ఆ సంస్థ పేరు అనవసరం. గైడులందరూ బూట్లు వేసుకోవాలని రూలు పెట్టారు. సేఫ్టీ అన్నారు, ఫొటోల్లో కూడా బాగుంటుందన్నారు. జత 4,200. నా దగ్గర అంత లేదంటే ట్రిప్పుకి 700 చొప్పున ఆరు ట్రిప్పులు కోసుకున్నారు. అంటే ఆరు శని ఆదివారాలు నేను నడిచింది నా బూట్ల కోసమే. మొదటి ట్రిప్పులోనే మధ్యాహ్నానికి మడమల దగ్గర రెండు వైపులా బొబ్బలు. గెడ్డ దాటేటప్పుడు నీళ్లు పైనుంచి లోపలికి పోయాయి. సాయంత్రం దాకా లోపల చప్ చప్ మంటూనే ఉన్నాయి. వాటర్‌ప్రూఫ్ అని రాసుంది మరి. బయటి నీళ్లని లోపలికి రానివ్వని పొర లోపలి నీళ్లని బయటికి కూడా పోనివ్వదని ఆ రోజు అర్థమైంది. బొబ్బ పగిలి చీము పట్టి పది రోజులు ఇంట్లో కూర్చున్నాను. ఆ పది రోజుల్లో రెండు ట్రిప్పులు పోయాయి. మా అమ్మ వేపాకు నీళ్లతో కడుగుతూ అన్న మాట ఇక్కడ రాయలేను గాని, బూట్లు అమ్మినవాడి ఇంటి పేరు దాకా వెళ్లింది.

సరే, నా కాలికి పడలేదు, అంతమాత్రాన అందరికీ పడవని ఎలా అంటావు అంటారు. న్యాయమైన ప్రశ్నే. కమిటీ చెప్పిన కారణం చీలమండ బెణకడం. "యాంకిల్ సపోర్ట్" అని ఇంగ్లీషులో రాశారు. దాని సంగతే చూద్దాం.

రెండో సీజన్లో ఒక కస్టమర్‌కి దిగుడులో కాలు మడత పడింది. మంచి ఖరీదైన కొత్త బూటు. లేసు చివరి కొక్కెం దాకా బిగించి కట్టుంది. ఐదు నిమిషాల్లో చీలమండ నారింజకాయంత వాచింది. దుప్పటీ, వెదురు కర్ర తెచ్చి డోలీ కట్టాం. రోడ్డు దాకా నాలుగు కిలోమీటర్లు. మోసిన నలుగురిలో ముగ్గురికి స్లిప్పర్లు, నాకు మామూలు షూ. పైన పడుకున్నాయనకి బూట్లు. ఆయన మంచివాడు, దారి పొడుగునా "సారీ తమ్ముడూ" అంటూనే ఉన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మన గూడేల్లో గర్భిణులని, జ్వరం వచ్చినవాళ్లని డోలీలో దింపేవాళ్ల కాళ్లకి ఏముంటాయో ఎప్పుడైనా చూశారా? చీలమండ నిజంగా బూటు మీదే ఆధారపడి ఉంటే మన ఏజెన్సీలో డోలీ మోసేవాడు ఒక్కడూ మిగలకూడదు.

ఒక్క సంఘటన రుజువు కాదు, ఒప్పుకుంటాను. అందుకే ఇంకాస్త చదివాను. అమెరికాలో 1993లో ఒక పరిశోధన వచ్చింది. 622 మంది కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటగాళ్లని చీటీ వేసినట్టు విడగొట్టి, కొందరికి చీలమండ కప్పేవి, కొందరికి కప్పనివి ఇచ్చి ఆడించారు. బెణుకుల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. బాస్కెట్‌బాల్ కోర్టు వేరు, కొండ వేరు, నిజమే. కానీ "ఎత్తు బూటు కాపాడుతుంది" అనేది ఎవరూ అడగకుండా నమ్మేసిన మాట అని అర్థం కావడానికి ఇది చాలు. ఇంకో సంగతి. కాలు ఎందుకు మడత పడుతుంది? రాయి మీద అడుగు వంకరగా పడితే. మన పాదం ఆ వంకరని కనిపెట్టి క్షణంలో సర్దుకోవాలి. మందపాటి గట్టి సోల్ కింద రాయి ఎలా ఉందో పాదానికి తెలియదు. సోల్ ఎంత ఎత్తుంటే మడత పడ్డప్పుడు అంత దూరం ఒరుగుతుంది. బూటు మెడ మెత్తని తోలో గుడ్డో. డెబ్భై కిలోల మనిషి బరువంతా పక్కకి పడుతుంటే అది ఆపుతుందా?

చీలమండని కాపాడేది దాని చుట్టూ ఉండే కండరాలు, మన బ్యాలెన్సు. నడకకి ఇంకా టైముంది. రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, కాసేపు కుడి, కాసేపు ఎడమ. ఖర్చు సున్నా. ఇంతకుముందు ఒకసారి గట్టిగా బెణికిన వాళ్లకే మళ్లీ బెణికే ప్రమాదం ఎక్కువ. వాళ్లు లేసులతో బిగించే యాంకిల్ బ్రేసు తెచ్చుకోండి. దాని వల్ల ఉపయోగం ఉందని పరిశోధనలు ఉన్నాయి, షూ లోపల కూడా పడుతుంది. మన లిస్టులో ఆ మాటే లేదు. "ఇంతకుముందు ఎవరికైనా కాలు బెణికిందా" అన్న ప్రశ్న కూడా లేదు.

ఇక బరువు. బూట్లు జత కిలో పైనే, కొన్ని కిలోన్నరకి దగ్గర. షూ జత ఆరేడు వందల గ్రాములు. అరకిలో తేడాకి ఇంత గొడవా అనుకోకండి. సంచిలో బరువు వేరు, కాలికి కట్టుకున్న బరువు వేరు. కాలి బరువుని అడుగడుగునా ఎత్తి దించాలి. అమెరికా సైన్యం వాళ్లు 1969లోనే కొలిచి చూశారు. ఒళ్లంతా కలిపి మోసే బరువు కంటే పాదాల మీద ఉండే బరువుకి, నడిచే వేగాన్ని బట్టి, నాలుగు నుంచి ఆరు రెట్లు ఎక్కువ శక్తి ఖర్చవుతుందని తేలింది. మన నడకకే లెక్కేయండి. రోజుకి పదిహేను కిలోమీటర్లంటే ఇరవై వేల అడుగులు. ఒక్కో కాలికి 300 గ్రాములు ఎక్కువనుకుంటే రోజులో ఆరు టన్నులు అదనంగా ఎత్తినట్టు. ఒక్క రోజులో! మూడో రోజు అర్మకొండ ఎక్కేటప్పటికి తొడలు పట్టేసి, కాలు ఎత్తలేక ఈడ్చినప్పుడే తట్టుకుని పడతారు. బెణుకులు ఎక్కువ అయ్యేది కూడా అలా అలసిపోయి దిగేటప్పుడే. గైడుగా నేను చూసినంత వరకూ పొద్దున పూట పడినవాళ్లు తక్కువ.

ఇప్పుడు డబ్బులు. నలభై మంది వస్తామన్నారు. ఓ మోస్తరు బూట్లు 4,500 అనుకుందాం. నలభై మందికి లక్షా ఎనభై వేలు. మనం మన గ్రూపులో ఎప్పుడైనా అంత పోగేశామా? పోయినసారి నోట్‌బుక్స్ కోసం అడిగితే ఎంతొచ్చిందో ట్రెజరర్ అన్నకి తెలుసు. ఉపాధి పనిలో రోజుకి మూడొందల లెక్కన ఒక జత బూట్లంటే ఇంట్లో ఒక మనిషి పదిహేను రోజుల కూలి. కొండ చీపుర్లు కోసి, అడ్డాకులు కుట్టి, పసుపు ఉడకబెట్టి సంతలో అమ్ముకునే ఇంటికి అది ఎంత బరువో మీకు నేను చెప్పాలా? "తప్పనిసరి" అని మనం రాస్తే పిల్లలు ఇంట్లో అడుగుతారు. అమ్మ అప్పు చేస్తుంది. లేదా అడగడానికి సిగ్గుపడి, "ఆ రోజు పరీక్ష ఉందన్నా" అని అబద్ధం చెప్పి ఆగిపోతారు. రెండోదే ఎక్కువ జరుగుతుంది. నేను అలా ఆగిపోయిన రోజులు ఉన్నాయి.

మూడోది కూడా జరుగుతుంది, అది అన్నిటికంటే ప్రమాదం. అరువు బూట్లు. ఎవరో అన్నవి, బావవి, ఒక నంబరు ఎక్కువో తక్కువో. రెండు జతల సాక్సులు వేసుకుని సర్దుకోవడం. లేదా నడకకి రెండు రోజుల ముందు కొని నేరుగా వచ్చేయడం. గట్టి బూటు కాలికి అలవాటు కావాలంటే వారాలు పడుతుంది. అరువు బూట్లతో వచ్చిన పిల్లకంటే సొంత పాత షూతో వచ్చిన పిల్ల వంద రెట్లు నయం. పిల్ల అన్నాను కదా, ఇంకో మాట. మూడు, నాలుగు నంబర్ల బూట్లు చుట్టుపక్కల షాపుల్లో దొరుకుతాయేమో మన చెల్లెళ్లని అడగండి. మగవాళ్ల ఆరు నంబరు చూపించి "దూది పెట్టుకో అమ్మా" అంటారు. ఈ లిస్టు రాసేటప్పుడు కమిటీలో ఒక్క ఆడపిల్ల ఉన్నా ఆ లైను అలా వచ్చేది కాదని నా అనుమానం.

పాదాల గురించి కూడా చెప్పాలి. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన మనలో చాలామందికి పాదం ముందు భాగం వెడల్పు, వేళ్లు విడివిడిగా ఉంటాయి. షాపుల్లో దొరికే బూట్లు ఎక్కువగా ముందు సన్నగా ఉంటాయి. చిటికెన వేలు నలిగిపోతుంది. "నీ కాలే తేడాగా ఉంది" అని ఒక సేల్స్‌మన్ నాతో అన్నాడు. తేడా నా కాల్లో లేదు. మణిపాల్ డాక్టర్లు 1992లో 2,300 మంది పిల్లల పాదాలు చూసి రాశారు. చెప్పులు, బూట్లు వేసుకునే పిల్లల్లో చదును పాదాలు నూటికి 8.6, వేసుకోని పిల్లల్లో 2.8. అందులోనూ వేళ్లు మూసేసే బూట్లు వేసుకునే పిల్లల్లోనే ఎక్కువ. ఉత్త కాళ్లతో పెరిగినందుకు మనం సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కాలికి సరిపడే షూ వెతుక్కోవాలి, షూకి సరిపడేలా కాలిని నలుపుకోకూడదు.

ఇక్కడ రెండో పక్షం వాళ్లు లేస్తారు. లేచారు కూడా, కామెంట్లు చూశాను. "మా తాత ఉత్త కాళ్లతో కొండలెక్కాడు, మనకి షూ ఎందుకు, ఇదంతా బయటివాళ్ల ఫ్యాషన్" అని. అన్నా, మీ తాత, మా తాత ఒకటే. మా తాత అరికాలి పగుళ్లలో వేలు పట్టేది. ఒకసారి విరిగిన ముల్లు లోపలే ఉండిపోయి, కాలు వాచి, నెలన్నర కుంటాడు. పోడు పని పోయింది. ఆయన ఉత్త కాళ్లతో నడిచింది గొప్ప కోసం కాదు, చెప్పులు కొనలేక. ఉత్త కాళ్ల వల్ల నులిపురుగులు ఎక్కి రక్తం తగ్గిపోవడం, తెగిన చోట మట్టి పడి సెప్టిక్ కావడం మన గూడేల్లో చూడనివాళ్లు ఎవరు? లేమిని తీసుకొచ్చి సంస్కృతి అని పేరు పెట్టొద్దు. స్లిప్పర్లు కూడా నడకకి వద్దు. బురదలో ఊడిపోతాయి, దిగుడులో వేళ్ల మధ్య తెగుతుంది, తడి బండ మీద జారతాయి. డోలీ మోసిన ఆ ముగ్గురూ స్లిప్పర్లతో మోశారంటే వాళ్ల గట్టితనం అది, స్లిప్పర్ల గొప్పతనం కాదు. వాళ్లలో ఒకతను సగం దారిలో వాటిని విప్పి నడుముకి దోపుకున్నాడు.

పాముల మాట. ఇది మాత్రం కమిటీ వైపు ఉన్న బలమైన కారణం, దాటేసి పోను. పాము కాట్లు ఎక్కువగా పాదం మీదా, మోకాలి కిందా పడతాయి. ఎత్తు బూటు చీలమండ దాకా కప్పుతుంది, అంతవరకు నిజంగానే మేలు. కానీ దాని పైన జానెడు పిక్క ఖాళీగానే ఉంటుంది. పాము భయమే కారణమైతే మోకాలి దాకా వచ్చే రబ్బరు గమ్‌బూట్లు అనాలి. బూట్లలో పదో వంతు ధరకి సంతలోనే దొరుకుతాయి, చేలో పనికి మహా మంచివి. వాటితో పదిహేను కిలోమీటర్లు నడవలేం కాబట్టే ఎవరూ అనట్లేదు. పాముకి అసలు మందు ఏమిటో మన ఇంట్లో ఆడవాళ్లకి తెలుసు. చేతిలో కర్ర, చీకటి పడితే టార్చి, కాలు పెట్టే చోటు చూడటం, దుంగ దాటేటప్పుడు దాని మీద కాలేసి అవతల చూసి దిగడం. ఇంకో సంగతి. కట్లపాము ఎక్కువగా కరిచేది రాత్రిళ్లు నేల మీద పడుకున్నవాళ్లని. అప్పుడు మీ బూట్లు గుమ్మం బయట ఉంటాయి. మనం రెండు రాత్రులు గూడేల్లో నేల మీదే పడుకోబోతున్నాం కదా. లిస్టు ఇంకోసారి చూడండి. టార్చి లేదు. కర్ర లేదు. దోమతెర లేదు! ఆగస్టు నెలలో, పాడేరు ఏజెన్సీలో, దోమతెర లేకుండా నలభై మంది పిల్లల్ని పడుకోబెడతారా? మలేరియా జ్వరంతో పోయినవాళ్లు లేని గూడెం చూపించండి. అంచులు పరుపు కిందికి దోపిన దోమతెర దోమల్నీ ఆపుతుంది, పాములకీ అడ్డమే. బూట్ల లైను రాయడానికి పట్టిన టైములో ఈ లైను రాయొచ్చు.

జలగల సంగతి చిన్నది. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోండి. చిగర్ పురుగులు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్‌కి కూడా అదే జాగ్రత్త. షూకైనా బూటుకైనా ఒకటే పని.

షూలో లోపాలు లేవా? ఉన్నాయి. జాలీ గుడ్డ షూలోకి రేగుముల్లు సూదిలా దిగుతుంది, గడ్డి గింజలు దూరి గుచ్చుతాయి. అందుకే పూర్తిగా జాలీ ఉన్నవి వద్దు, వేళ్ల దగ్గర రబ్బరు కప్పు ఉన్నవి చూడండి. ఇరవై కిలోల సంచి మోసేవాళ్లకి కాస్త గట్టి సోల్ హాయిగా ఉంటుంది. వంట సామాను మోసే నలుగురికి బూట్లు ఉంటే వేసుకోండి, నేను వద్దనను. మంచులో అయితే వాదనే లేదు. ఒక అక్క "మాలావత్ పూర్ణ బూట్లు లేకుండానే ఎవరెస్ట్ ఎక్కిందా" అని అడిగింది. లేదక్కా. 2014 మే 25న, పద్నాలుగేళ్లు కూడా నిండకుండా ఆమె అక్కడ నిలబడిందంటే కాళ్లకి మంచు బూట్లు ఉన్నాయి కాబట్టే. కానీ ఆ బూట్లు వేళ్లు గడ్డకట్టి ఊడిపోకుండా, అడుగున ఇనుప ముళ్ల పట్టాలు బిగించడానికి. వానాకాలం జిందగడ మీద గడ్డకట్టేది ఏముంది, చోడి అంబలి తప్ప? పూర్ణ మొదట ఎక్కడం నేర్చుకున్నది భువనగిరి బండ మీద. బండలు ఎక్కడానికని ప్రత్యేకంగా చేసే షూ చూడండి, పల్చటి రబ్బరు, చీలమండ కిందే ఆగిపోతుంది. పాదానికి రాయి తెలియాలి కాబట్టి.

ఒక చిన్న మాట, నవ్వకండి. పచ్చ రంగు జంగిల్ బూట్లు చౌకగా దొరుకుతున్నాయని ఇద్దరు తమ్ముళ్లు రాశారు. వస్తువు చెడ్డది కాదు. కానీ నలభై మంది కుర్రాళ్లు సంచులు తగిలించుకుని, పచ్చ బూట్లు వేసుకుని అడవిలో వరసగా నడిస్తే చూసేవాళ్లు ఏమనుకుంటారో మన పెద్దవాళ్లని అడగండి. మా నాన్న నన్ను ఇప్పటికీ ఆ రంగు చొక్కా వేసుకోనివ్వడు.

కొనేవాళ్లకి నాకు తెలిసింది చెప్తాను. సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. నడకకి వేసుకునే సాక్సులతోనే చూసుకోండి. నిలబడితే బొటనవేలు ముందు వేలెడు ఖాళీ ఉండాలి. షాపులో మెట్లుంటే దిగి చూడండి, వేళ్లు ముందుకి గుద్దుకుంటే ఆ జత వద్దు, దిగుడులో గోళ్లు నల్లబడతాయి. మడమ లేవకూడదు. వేళ్లు లోపల ఆడాలి. సోల్ కింద గట్లు లోతుగా ఉండాలి, గట్టి ప్లాస్టిక్‌లా కాకుండా గోరుతో నొక్కితే కొంచెం మెత్తగా తగలాలి, తడి బండ మీద పట్టు అక్కడే ఉంది. 1,200 నుంచి 1,500లో ఇలాంటివి దొరికాయి నాకు. ఇంట్లో ఆటల షూ ఉండి సోల్ అరిగిపోకపోతే కొత్తవి కొనొద్దు, అవే వేసుకుని ఈ రెండు ఆదివారాలు సంతకి నడిచి వెళ్లండి, తెలిసిపోతుంది. గెడ్డ దాటేటప్పుడు విప్పొద్దు. షూతోనే దాటండి, నడుస్తుంటే గంట రెండు గంటల్లో నీళ్లు కారిపోతాయి. రాత్రికి పొడి సాక్సులు ఒక జత పాలిథిన్ కవర్లో దాచుకోండి, పాదాలు ఆరబెట్టి అవి తొడుక్కుని పడుకోండి. వానాకాలం నడకలో పాదాన్ని కాపాడేది ఎక్కువగా ఆ రెండో జత సాక్సులే.

కాబట్టి కమిటీ అన్నలకి నేను అడిగేది ఒక్కటి. మొదటి లైను తీసేసి దాని బదులు ఇది పెట్టండి: "వెనక పట్టీ ఉండి, సోల్ అరగని, మీ కాలికి అలవాటైన షూ గానీ బూట్లు గానీ. స్లిప్పర్లు వద్దు. కొత్తవి కొంటే రెండు వారాల ముందే కొని వేసుకుని తిరగండి. రెండు జతల సాక్సులు, టార్చి, కర్ర, దోమతెర తప్పనిసరి. ఇంతకుముందు కాలు బెణికి ఉంటే ముందే చెప్పండి." షూ కూడా లేనివాళ్లు ఎంతమందో లెక్క తీయండి. పది మంది కంటే ఎక్కువ ఉండరు. పది జతలు పదిహేను వేలు. లక్షా ఎనభై వేలు పోగేయలేం గాని పదిహేను వేలు మన వల్ల అవుతుంది. నా వంతు వెయ్యి, ఈ రోజే ట్రెజరర్ అన్నకి పంపాను, స్క్రీన్‌షాట్ ఆయన్ని అడగండి. "అనుమతించం" అని చెప్పిన తమ్ముడికి ఎవరైనా ఫోన్ చేసి రమ్మనండి. నేను చేస్తే కమిటీని కాదన్నట్టు ఉంటుంది, అన్నే చేస్తే బాగుంటుంది.

ఇంకోటి. నా పాత బూట్లు ఇంట్లోనే ఉన్నాయి. ఎనిమిదో నంబరు, పదకొండు సార్లు వేసుకున్నాను, సోల్ బాగానే ఉంది, ఎడమ మడమ దగ్గర లోపలి గుడ్డ కొంచెం చిరిగింది. వంట సామాను మోసేవాళ్లలో ఎవరికైనా సరిపోతే తీసుకోండి, డబ్బులేమీ వద్దు. ఆదివారం సంతకి తెస్తాను, పసుపు కాటాల దగ్గర ఉంటాను.